నా నోటికి సరిపోయేది

అనంతపురం,
7 జూలై 2024

నాయనకు,

జాయ్ రాసేది. నువ్వు కొండ మింద డ్యూటీలో ఉంటావు, ఆడ సిగ్నల్ రాదు. ఈ ఆటల హాస్టల్లో చూస్తే వార్డెనమ్మ మా ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం ఏసుకుంది. ఇంగ జాబులే గతి. నా పక్క మంచం ఆశ్రితది, బత్తలపల్లె పిల్ల. మీ ఇంట్లో ఇంకా జాబులు రాసుకుంటారా అని నవ్వింది. నవ్వనీలే అనుకున్నా.

నన్ను బాక్సింగులోకి తీసుకున్నారు. పరుగు చూసి కోచ్ విష్ణువర్ధన్ సారే పిలిచినాడు. చేతులు పొడుగుండాయి, అడుగు చురుగ్గా ఉండాది అన్నాడు. పొద్దున పరుగు, మధ్యాహ్నం కాలేజీ, సాయంత్రం రింగు. రోజూ గుడ్డు పెడతారు. అమ్మతో ఆ ముక్క మర్చిపోకుండా చెప్పు.

ఒకటే కష్టం. రింగులోకి పోయే ముందర నోట్లో గార్డు పెడతారు. అది పెట్టినాకనే కొట్లాట. నాకు పెట్టింది శానా పెద్దది. వెనక యాడికో పోయి గొంతుకాడ పొడుస్తాది. పెట్టుకున్న గడియకే వాంతొచ్చినట్లయితాది, ఊపిరాడదు. నోరు రవ్వంత తెరిస్తే జారిపోతాది, అందుకని పళ్ళు గట్టిగా బిగబట్టే ఉండల్ల. నిన్న బిగబట్టి బిగబట్టి దవడ నొప్పెత్తి సగంలో ఉమ్మేసినా. సార్ అందరి ముందర, గార్డుకే ఓర్చుకోలేనిదానివి దెబ్బకేం ఓర్చుకుంటావు, ఇంటికి పో అన్నాడు.

నేను పోను నాయనా. ఊరికే నీతో చెప్తాండా, అంతే.

చేన్లకు విత్తేకి వాన పదును అయ్యిందా? అనంతపురంలో అయితే మబ్బు కూడా లేదు.

నీ బిడ్డ
జాయ్

---

బెళుగుప్ప,
13 జూలై 2024

జాయ్ తల్లికి,

మీ నాయన సుంకన్న కొండ మింద షెడ్డులో కూకోని రాస్తాండాడు. నీ జాబు మీ అమ్మకు సదివి వినిపిస్తి. తింటాండే సంగటి కాడ చెయ్యి కడిగేసి లేచిపాయె.

నాకూ మొదట అర్థం కాలేదు. గార్డంటే నాకు తెల్సింది నేనే. కంపెనీ టోపీ పెట్టుకొని గాలిమరల కాడ కావలి ఉండేటోన్ని. నోట్లో గార్డేంది తల్లీ? మళ్ళా సదివినాక తెలిసింది. పిల్లోల్లు అరవకుండా నోట్లో ఏందో కుక్కి కొట్లాడిస్తాండారు. శెనక్కాయ చేన్లో గుంటక తోలేటప్పుడు ఎద్దు మేయకుండా మూతికి చిక్కం కడతామే, అట్ల. ఎద్దుకు కట్టేకే నాకు మనసొప్పదు. నా బిడ్డకు కడతారా వాళ్ళు.

గమ్మునుండలేక బయ్యన్న కాడికి పోయినా. మీ అమ్మ కూలికి పోయేది ఆయప్ప చేన్లకే కదా, ఇప్పుడు పార్టీలో పెద్దమనిషి కూడా అయినాడు. సంగతి చెప్తానే మండిపడి, మన ఊరి పిల్లను అట్ల చేస్తారా అని అప్పుడే ఎవురికో ఫోన్ చేసినాడు. ఆ ఫోనులో ఇంగో పెద్దాయన, ఆయన మీ ఆఫీసుకు చేస్తాడంట. నువ్వేం భయపడొద్దు. ఇంగ నీ నోటి జోలికి ఎవరూ రారు.

నువ్వు అడిగినావని రాస్తాండా. ఒక్క పదును వాన పడింది, అందరూ విత్తనం ఏసినారు, ఆ పొద్దు నుంచి మబ్బు మొగం చూడలే. గాలి మాత్రం దండిగా ఉండాది. కంపెనీకి అదే పంట, మాకు దుమ్ము.

ఓర్చుకోలేకపోతే చెప్పు. వచ్చి పిలుచుకొని పోతా.

మీ నాయన
సుంకన్న

---

అనంతపురం,
19 జూలై 2024

నాయనకు,

నువ్వు బయ్యన్న కాడికి యాల పోతివి?

నేను రాసింది తప్పో, నువ్వు సదివింది తప్పో తెల్దు. గార్డంటే నోరు మూసేది కాదు. రబ్బరు మాదిరి ఉంటాది, పై పళ్ళకు తొడుక్కుంటారు. దెబ్బ తగిల్తే పళ్ళు ఊడకుండా, పెదవి చీలకుండా, దవడ కదలకుండా కాపాడేది అదే. ఆశ్రిత పోయినేడాది అది లేకుండా ఆడి ముందరి పన్ను పోగొట్టుకుంది, ఇప్పుడు పెట్టుడు పన్ను. గార్డు ఉండల్సిందే. నా గొడవ గార్డు వద్దని కాదు, నాకు సరిపోయేది కావల్లని.

మా అందరికీ ఒకే సైజు వచ్చినాయి, మొగపిల్లోల్ల సైజు. దాన్ని ఉడుకు నీళ్ళలో మెత్తబరిచి, పళ్ళకు పెట్టుకొని కొరికితే మన పళ్ళ అచ్చు పడతాది. నాకిచ్చింది ఎవురో ముందే కొరికేసింది. మళ్ళా ఉడకబెడితే వంకర పోయింది. పైగా నా ముందరి పళ్ళు నీకు తెలుసు కదా, ఒకదాని మింద ఒకటెక్కి ముందుకొచ్చి ఉంటాయి. అవి దాంట్లో యాడ కూర్చుంటాయి?

నీ బయ్యన్న చేయించిన ఫోను ఈడికి వచ్చింది. ఆఫీసులో సార్‌ను పిలిచి, పిల్లోల్లను హింస పెడతాండావంట అని అడిగినారంట. సార్ గ్రౌండుకొచ్చి అందరినీ నిలబెట్టి, ఇదో రికమెండేషన్ పిల్ల, దీన్ని తాకితే పెద్దోల్లు ఫోన్ చేస్తారు అని నన్ను చూపించినాడు. అందరూ నా పక్క చూసినారు.

నాకు కోపమొచ్చి చెప్పేసినా. "సార్, నేను ఎవురినీ ఫోన్ చెయ్యమనలే. కానీ ఈ గార్డు పెట్టుకొని రింగులోకి రాను. గార్డు లేకుండా కూడా రాను. నా పళ్ళు నాకు కావల్ల."

"ఐతే బయట కూర్చో" అన్నాడు.

అప్పట్నుంచి బయటే కూర్చుంటాండా. రోజూ అందరికంటే ముందే పోతా. గ్లౌజులు కట్టుకొని కూర్చుంటా. నేను ఇంటికి పోలేదని ఆయనకు కనపడల్ల.

ఇంగ ఎవురితోనూ ఫోన్లు చేయించొద్దు.

జాయ్

---

బెళుగుప్ప,
25 జూలై 2024

జాయ్ తల్లికి,

జాబు చూసినా. బయట కూర్చోపెట్టినారా? వయసొచ్చిన పిల్లను హాస్టలు బయట పెట్టి గేటేసుకుంటే ఏమనుకోవల్ల? బువ్వ యాడ తింటాండావు, యాడ పండుకుంటాండావు? మీ అమ్మ ఏడుస్తాంది. నన్ను బయ్యన్న కాడికి పోవద్దంటివి, పోను. నేనే వస్తాండా. వచ్చే గురువారం నాకు డ్యూటీ లేదు. ఆ సారుతో మొగం మిందనే మాట్లాడతా.

నాయన

---

అనంతపురం,
3 ఆగస్టు 2024

నాయనకు,

నువ్వొచ్చి పోయినావంట. నేను కాలేజీలో ఉండా. తిరిగొచ్చినాక వార్డెనమ్మ చెప్పింది. మీ నాయన కంపెనీ యూనిఫాం మిందనే వచ్చి సారుతో గట్టిగా అరుచుకున్నాడు, నాకు భయమేసింది అని. రవ్వసేపు ఆగింటే నన్ను చూసి పోయింటివే.

సాయంత్రం సార్ నా పక్క కూడా చూడలే. ఆయన ఇంగో సారుతో అంటాంటే విన్నా. ఆ పిల్ల నోటికి ఏ గార్డూ కూర్చోదు, వేరే ఆట చూసుకొమ్మంటే వాళ్ళ నాయన కూడా సరేనన్నట్ల పోయినాడు అని.

నాయనా, నన్ను అడక్కుండా నా మాట నువ్వెట్ల ఒప్పుకుంటావు? బయట అంటే రింగు బయట. హాస్టలు బయట కాదు. నా మంచం, నా బువ్వ, అన్నీ ఉండాయి. నువ్వు సగం సదివి బస్సెక్కి వచ్చి, నన్ను బాక్సింగు నుంచి తీస్కపోయేకి మాట ఇచ్చి పోయినావు. చిన్నప్పట్నుంచి నా పళ్ళు చూసి ఎవురు నవ్వినా నువ్వు పోనీలే అంటావు. ఈ తూరి పోనీ అననీను.

నేను రాను. నువ్వు వచ్చి చెయ్యి పట్టుకొని లాగినా రాను. కోపమొస్తే రానీ.

జాయ్

---

బెళుగుప్ప,
9 ఆగస్టు 2024

జాయ్ తల్లికి,

నీ జాబు మీ అమ్మకు సదవలేదు. నేనొక్కన్నే సదువుకున్నా. కోపమేం రాలేదు. నువ్వు సగం విన్నావు. మిగతా సగం నేను చెప్తా.

నేను గేటు కాడికి వచ్చేతలికి మీ సార్ మోటారు సైకిలు దిగతాండాడు. నేనెవరో చెప్పుకున్నా. నువ్వు హాస్టల్లోనే ఉండావని ఆయన చెప్తానే నాకు సగం ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆ గార్డు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టినాడు. చూస్తే నువ్వు చెప్పిందే నిజం. ఎద్దు చిక్కం కాదు, పళ్ళకు చెప్పులాంటిది. ఆ వస్తువు మింద కోపం ఆడికే పాయె.

ఆయన చెడ్డోడు కాదులే. ఉన్నవాటితోనే నడిపించల్ల, పైనోల్లు ఇచ్చింది ఇంతే అన్నాడు. ఆడికి గమ్మునుండింటే నేనూ గమ్ముగా వచ్చేసేవాన్ని. కానీ ఇంగో మాటన్నాడు. మీ పాప పళ్ళు ఎత్తు, దవడ ఇరుకు, ఏ గార్డూ దాని నోటికి సరిపోదు, పరుగులోనో ఖోఖోలోనో చేర్పించుకో అన్నాడు.

అప్పుడు నేను అరిచింది నిజమే. వార్డెనమ్మ విన్నది అదే. "నా బిడ్డ నోరు దేవుడు ఇచ్చింది సార్. ఈ గార్డు కంపెనీ ఇచ్చింది. రెండింట్లో మారల్సింది ఏదో మీరే చెప్పండి" అన్నా. ఆయన గార్డు నా చేతిలోంచి తీసుకొని లోపలికి పోయినాడు. నేను వచ్చేసినా. ఒప్పుకొని రాలేదు తల్లీ, కోపంతో వచ్చేసినా.

నిన్ను చూడకుండా యాల వచ్చినానంటే, ఆ కోపంలోనే టౌన్లోకి పోయినా. అడగతా అడగతా పోతే ఒక పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కు కనపడింది. వయసు తక్కువే. ఎత్తుపళ్ళకు గార్డు కూర్చోదంట, నిజమేనా అంటే నవ్వింది. పళ్ళ అచ్చు తీసి దాని మింద చేస్తే గార్డు సరిపోని నోరుండదు, పిలుచుకొని రా అన్నది. ఆమె చీటీ దీంతో పాటే పెడతాండా. అమ్మ వచ్చి వార్డెనమ్మతో మాట్లాడి నిన్ను తీస్కపోతాది. డాక్టరమ్మకిచ్చే దుడ్ల సంగతి నువ్వడగొద్దు.

నీ పళ్ళు చూసి నవ్వితే పోనీలే అనేవాన్ని, ఒప్పుకుంటా. ఆ నవ్వేటోల్ల ఇండ్లల్లోనే కూలి చేసుకునేటోన్ని, ఏమనల్ల? నువ్వు పోనీలే అనొద్దు.

మీ నాయన
సుంకన్న

---

అనంతపురం,
1 సెప్టెంబరు 2024

నాయనకు,

ముందర ఆ జాబు అట్ల రాసినందుకు ఏమనుకోవద్దు. రాసేటప్పుడు మాత్రం నేను నమ్మిందే రాసినా.

అమ్మ చెప్పింటాది కానీ ఆమె బయట బెంచీ మింద కూర్చొని ప్రార్థన చేసుకుంటాండె, లోపల జరిగింది నేను చెప్తా. డాక్టరమ్మ ఒక రేకులో మెత్తని పిండి ముద్ద పెట్టి నా పై పళ్ళకు నొక్కింది. వాంతొస్తాదేమో అని భయపడితే, తల ముందుకు వంచి ముక్కుతో నిదానంగా ఊపిరి తీస్కో అన్నది. గడ్డకట్టినాక లాగితే నా పళ్ళన్నీ దాంట్లో గుంటలు గుంటలుగా ఉండాయి. దాంట్లో సుద్ద పోసి తెల్లని పళ్ళ వరస చేసింది. నా నోరు నా చేతిలో పెట్టి చూపించింది నాయనా. ఎక్కిన పన్ను, వంకర పన్ను, అన్నీ. నాకేం సిగ్గనిపించలే.

రెండో తూరి పోయేతలికి ఆ అచ్చు మిందనే గార్డు చేసి పెట్టింది. పెట్టుకుంటే పాతదానికీ దీనికీ పోలికే లేదు. కానీ పైపెదవి ఎత్తితే లోపల సన్నని నరం మాదిరి ఉంటాది చూడు, ఆడ కోస్తాంది. పళ్ళు కలిపితే కుడి పక్కనే ముందు తగులుతాంది. చెప్పినా. కొత్తలో అట్లే ఉంటాది, అలవాటైతాదిలే అన్నది. పాపం, బయట శానా మంది కాచుకోనుండారు.

లేవబోయి మళ్ళా కూర్చున్నా. "మేడమ్, అలవాటు చేసుకొమ్మనే మాట నాకు హాస్టల్లోనే చెప్పినారు. నేను సరిపోయేది తీస్కపోయేకి వచ్చినా" అన్నా. అమ్మ తలుపు కాడ నుంచి గమ్మునుండే అని సైగ చేస్తాంది. నేను కదల్లే.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. నరం తగిలే కాడ చిన్న గాడి తీసింది. గొంతు పక్క అంచు కత్తిరించి నున్నగా చేసింది. రంగు కాగితం కొరికించి, ఎక్కువ తగిలే కాడ అరగదీసింది. ఇంగ నువ్వే పరీక్ష చెయ్యి అన్నది. నోరు బాగా తెరిచినా, పడలే. నీళ్ళు తాగినా. మాట్లాడినా, మాట రవ్వ ముద్దగా వచ్చింది అంతే. అమ్మను పేరు పెట్టి పిలిచినా, ఆమె లోపలికి తొంగి చూసి నవ్వింది. రెండు పక్కలా పళ్ళు ఒకే తూరి తగిలినాయి. దవడ బిగబట్టే పనే లేదు.

తాడాట ఆడేటప్పుడు కూడా పెట్టుకుంటాండా. ఆడినాక చన్నీళ్ళతో కడిగి డబ్బీలో పెట్టల్ల, ఉడుకు నీళ్ళు తాకించకూడదంట.

సార్‌కు చూపించినా. చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూసి, రేపు రింగులోకి రా అన్నాడు.

నీ బిడ్డ
జాయ్

---

బెళుగుప్ప,
12 సెప్టెంబరు 2024

జాయ్ తల్లికి,

నీ జాబు మీ అమ్మకు రెండు తూర్లు సదివినా. అరగదీసిన కాడ మళ్ళా సదవమన్నది.

ఈడి సంగతి కూడా నీకు తెలియల్ల, వేరేవాళ్ళ నోటి నుంచి వింటే మళ్ళా సగమే వింటావు. బయ్యన్న కోపంగా ఉండాడు. ఆయన పలుకుబడితో ఫోన్ చేయిస్తే నువ్వు అందరి ముందర కాదన్నావంట, నేను ఆయనకు చెప్పకుండా అనంతపురం పోయినానంట. పిల్లను తెచ్చి ఇంట్లో పెట్టుకో, మొగోల్ల మాదిరి కొట్లాడేది మన ఊరికి మర్యాద కాదు అన్నాడు. ఆమె ఆట ఆమెది, నేను తేను అన్నా. మరుసటి పొద్దున్నుంచి మీ అమ్మను చేన్లోకి పిలవలే.

నువ్వు దిగులు పడొద్దు. మీ అమ్మ ఉరవకొండ పక్క చేన్లకు పోతాంది ఆటోలో. దూరమే, ఐనా పోతాంది. బయ్యన్న ఇంటి ముందర నుంచే ఆటో ఎక్కుతాంది. ఆడే ఎక్కల్లంట ఆమెకు. నేను వద్దన్నా వినలే.

వాన లేదు. శెనక్కాయ చెట్టు కాయ కట్టేకి ఊడ దిగే కాలానికి ఎండిపోయింది. పశువులకు మేతయితాది అంతే.

బాగా ఆడు.

నాయన

---

అనంతపురం,
27 అక్టోబరు 2024

నాయనకు, అమ్మకు,

శానా దినాలకు రాస్తాండా. జరిగిందంతా వరసగా చెప్తా.

స్టేట్ ఆటలకు పిల్లోల్లను ఎంచేకి ఈడనే పోటీలు పెట్టినారు. సార్ నన్ను నాకంటే బరువైన పిల్ల మీదికి వదిలినాడు. మొదటి రౌండులోనే మూతి మింద ఒకటి పడింది. కళ్ళకు చీకట్లొచ్చినాయి. నాలుకతో తడుముకున్నా, అన్ని పళ్ళూ ఉండాయి, గార్డు కదల్లే. ముక్కుతో ఊపిరి తీస్కుంటా ఆడినా. గార్డు గుర్తే రాలే, ఆ పిల్ల చేతులే చూస్తాండా. ఆఖరి రౌండులో ఆమె అలిసిపోయింది, నేను అలవలే. గెలిచినా నాయనా. మరుసటి పొద్దున సార్ బోర్డు మింద నా పేరు రాసినాడు. అందరిలో మొదటి పేరు.

ఆ పొద్దే జిల్లా ఆఫీసు నుంచి ఒకాయన వచ్చినాడు. మమ్మల్నంతా నిలబెట్టి, ఏమైనా కష్టముంటే చెప్పండమ్మా అని ఊరికే అడిగినట్ల అడిగినాడు. నా పక్కనుండే చిన్న పిల్ల చేతిలో పాత గార్డు ఉండాది. దాంతో చిగురు కోసుకొని రక్తం వస్తాంటే దూది పెట్టుకోని ఉండాది. నేను చెప్పినా. సార్, ఈ గార్డులు మొగపిల్లోల్ల సైజువి, మాకు సరిపోవు, నాకు మా నాయన చేయించినాడు కాబట్టి నేను ఆడినా, మిగతావాళ్ళకు కూడా చేయించండి అని.

ఆయన మా సార్ పక్క చూసినాడు. మా సార్ నేల చూసినాడు.

ఆయన పోయినాక సార్ గుడ్డ తీసుకొని నా పేరు తుడిచేసినాడు. నాతో చెప్పల్సింది పైనోల్లకు చెప్తావా, తప్పయిందని అను, మళ్ళా రాస్తా అన్నాడు. తప్పు చేసింటే అంటాంటి సార్ అన్నా. అంతే.

ఆ రాత్రి పండుకున్నాక మీరిద్దరూ నా కోసం ఏమేం పోగొట్టుకున్నారో గుర్తొచ్చింది. తప్పయిందని ఒక్క మాట అంటే పోతాది కదా అనిపించింది. అనలే.

పొద్దున గ్రౌండుకు పోతే ఆశ్రిత తన పాత గార్డు తెచ్చి సార్ బల్ల మింద పెట్టింది. నేనేం చెప్పలే ఆమెకు. ఆమె వెనకాల ఇంగో పిల్ల. తర్వాత అందరూ వరసగా వచ్చి పెట్టినారు. గ్లౌజులు కట్టుకొని రింగు చుట్టూ కింద కూర్చున్నారు. సార్ కోపపడినాడు, బెదిరించినాడు, కొంచేపు గేటు కాడికి పోయి నిలబడినాడు. మూడు పొద్దులు రింగు ఖాళీగా ఉండె. ఆఖరికి ఆఫీసు నుంచే వ్యాను వచ్చింది. అందరినీ డాక్టరమ్మ కాడికి తీస్కపోయి అచ్చులు తీయించి, కొత్త గార్డులు చేయించినారు. మూతి వంకర పెట్టుకోని ముద్ద కొరకతాంటే ఒకరిని చూసి ఒకరు నవ్వేదే.

నా పేరు మాత్రం సార్ మళ్ళా రాయలే. నేనూ అడగలే.

ఈ పొద్దు తెల్లారి టీము స్టేట్ ఆటలకు బస్సెక్కింది. నేను గేటు కాడ నిలబడి చూసినా. ఏడ్చినా, అబద్ధం యాల చెప్పల్ల. ఆశ్రిత కిటికీలో నుంచి చెయ్యి పట్టుకొని వదల్లే, బస్సు కదిలినాకనే వదిలింది.

వార్డెనమ్మ, అందరూ పోయినారు కదా, నువ్వూ ఇంటికి పోయి రా అన్నది. పోనన్నా.

సాయంత్రం గ్రౌండుకు పోతే కొత్తగా చేరిన చిన్న పిల్లోల్లు గుంపుగా నిలబడినారు. సార్ టీముతో పోయినాడు, ఏం చెయ్యల్లో వాళ్ళకు తెల్దు. నేను చేతులకు గుడ్డ చుట్టుకున్నా. గార్డు పెట్టుకున్నా. తాళ్ళ మధ్యన దూరి రింగులోకి పోయి నడిమధ్యన నిలబడినా.

"రాండి" అన్నా. "ఒకరెనక ఒకరు రాండి. ముందర మీ నోళ్ళు చూపించండి."

జాయ్